నేను లేని తుపానుకి నా వాటా ఎంత?

తుని_తమలపాకు
అక్టోబరు 13న ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేరాను. మాది తుని దగ్గర పల్లె. పోస్టింగు రాజోలు దాటాక మలికిపురం వైపు. బడికి నడిచెళ్ళే దూరంలో మేడ మీద వాటా తీసుకుని ముగ్గురం ఉంటున్నాం. ఒకావిడ బయాలజీ స్కూల్ అసిస్టెంటు, యాభై దాటాయి, వేసవి బదిలీల్లో ఇక్కడికొచ్చారు. పెద్ద మేడమ్ అంటాం. ఇంకో అమ్మాయి నాలాగే కొత్త డీఎస్సీ, మండపేట వైపు. అద్దె 6,000, మనిషికి 2,000. ఇంతవరకూ బాగానే ఉంది.

పెద్ద మేడమ్ దగ్గర ఒక పద్దు పుస్తకం ఉంది. పాత హాజరు పట్టీ వెనక కాగితాలు. కరివేపాకు 5 అని కూడా రాస్తారు. నెలాఖరుకి మూడు వాటాలు. దానికీ సరే అన్నాను. కానీ మొదటి నెల లెక్కలోనే "తుపాను" అని విడిగా ఒక పేజీ. నీళ్ళ టిన్నులు 6కి 120, కొవ్వొత్తులు 60, ఛార్జింగ్ లైటు 650, టార్పాలిన్ 480, కరెంటు లేనప్పుడు ట్యాంకు నింపిన జనరేటరు వాడికి రెండుసార్లు కలిపి 600, బ్రెడ్డు పాలు బిస్కెట్లు 140, పగిలిన కిటికీ అద్దం 350. మొత్తం 2,400. మనిషికి 800.

నేను నాగుల చవితికని 24 శుక్రవారం సాయంత్రమే ఊరెళ్ళిపోయాను. ఆ తర్వాత సెలవులిచ్చారు, అమ్మ కదలనివ్వలేదు. మొంథా తుపాను 28 రాత్రి ఇక్కడ తీరం దాటుతుంటే నేను మా ఇంట్లో ఉన్నాను. ఆ కొవ్వొత్తి వెలుగు చూడలేదు, ఆ టిన్నులో చుక్క తాగలేదు. 800 నేనెందుకివ్వాలి? జీతం ఇంకా పడలేదు. అడగాలంటే మొహమాటం. ఏం చెయ్యమంటారు?

బోదెగట్టు_బుజ్జి
తుపాను మీ ఊరి మీదుగా రాలేదు కాబట్టి నువ్వు ఇవ్వక్కర్లేదు. వాన కాస్త తునిలో కూడా పడింది కాబట్టి సగం ఇవ్వు. ఆయ్.

కాకినాడ_కాజా
ఇచ్చెయ్ తల్లీ. 800 కోసం మొదటి ఇంట్లోనే మొహాలు మాడ్చుకోకు. ఆవిడతో ఇంకా బోలెడు నెలలుండాలి.

తుని_తమలపాకు
800 ఊరికే వస్తాయా అండీ? ప్రైవేటు స్కూల్లో నాకు నెలకి 9,000 ఇచ్చేవారు. అది మానేసి శిక్షణకెళ్ళాను. ఇప్పుడు అమ్మ పంపిన డబ్బుతో నడుస్తోంది.

ట్రెజరీ_బాబు
జీతం సంగతి ముందు. జీతం బిల్లుకి సీఎఫ్ఎంఎస్ ఐడీ వచ్చిందా? పింఛను ఖాతాకి ప్రాన్ నంబరుకి దరఖాస్తు పెట్టారా? సర్వీసు రిజిస్టరు తెరిచారా? ఈ మూడూ చూసుకోండి. ఆగిన నెలల డబ్బు ఎక్కడికీ పోదు, తర్వాత కలిపి వస్తుంది. బిల్లు పెట్టే వారిని వారానికోసారి నవ్వుతూ పలకరించండి, రోజూ కాదు.

ఇంకోటి. ఎస్జీటీ బేసిక్ 32,670. పల్లెల్లో ఇంటద్దె భత్యం 10 శాతం, అంటే 3,267. మీ అద్దె 2,000. మిగిలిన 1,267 మీ తుపాను నిధి అనుకోండి.

తుని_తమలపాకు
సీఎఫ్ఎంఎస్ వచ్చింది. ప్రాన్ రాలేదు. నిధి బాగుంది, డబ్బే లేదు.

రిటైర్డు_హెచ్చెమ్
అమ్మాయీ, 1996 నవంబరు 6 రాత్రి నేను ముమ్మిడివరం వైపు ఒక ఎలిమెంటరీ బడిలో పనిచేస్తున్నాను. దీపావళికి నాలుగు రోజుల ముందు. ముగ్గురు మేస్టార్లం ఒకే గది, పెంకుటిల్లు. తలుపు ఊడిపోకుండా ఇద్దరం వీపు ఆనించి కూర్చుంటే మూడో ఆయన హనుమాన్ చాలీసా. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలన్నీ ఒకే దిక్కుకి పడుకున్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. కరెంటు ఎన్ని వారాలకొచ్చిందో కూడా మర్చిపోయాం. పడిపోయిన చెట్ల బోండాలు తాగాం, చెట్టు తలలోని లేత మొవ్వు కొట్టుకుని తిన్నాం. మా ముగ్గురిలో ఒకాయన ఆ వారం భీమవరంలో అత్తారింట్లో ఉన్నాడు (చాలీసా చదివినాయన పక్కింటి కరణం గారబ్బాయి, లెక్క తప్పిందనుకునేరు). ఆయన తిరిగొచ్చి అద్దెలో తన భాగం పట్టుకోమని అడిగాడు. ఇల్లే లేదు, పైకప్పు పోయింది, అద్దె ఎక్కడిది అన్నాం.

బోదెగట్టు_బుజ్జి
మేస్టారూ, తీర్పేంటండీ మరి? ఇవ్వాలా వద్దా?

రిటైర్డు_హెచ్చెమ్
కథ చెప్పాను. తీర్పు అడగలేదుగా.

లంక_మేస్టారు
నేను చెబుతాను. పదకొండేళ్ళు గోదావరి మధ్య లంక బళ్ళలో చేశాను. ధవళేశ్వరం దగ్గర వరద 11.75 అడుగులు, ఒకటో హెచ్చరిక అంటే మా గదిలో బియ్యం అటకెక్కేవి. 13.75, రెండోది అంటే పుస్తకాలు, పరుపులు. 17.75, మూడోది అంటే మనుషులం గట్టు మీద. వరదొచ్చినప్పుడల్లా నలుగురిలో ఒకడు సెలవులో ఉండేవాడు, ప్రతిసారీ వేరేవాడు. ఉన్నవాడు లేనివాడి సామాను మోసేవాడు. పడవ ఖర్చు, సామాను దింపిన కుర్రాడికిచ్చింది, అన్నీ నాలుగు భాగాలు. ఎవడు ఊళ్ళో ఉన్నాడని చూడలేదు. ఎవడి సామాను ఇంట్లో ఉందని చూశాం.

తమలపాకూ, నీ సామాను ఇంట్లో ఉందా లేదా?

గణితం_మాస్టారు
భావోద్వేగాలు పక్కన పెట్టి లెక్క చూద్దాం. ఖర్చులు మూడు రకాలు.
తిన్నవీ కాల్చినవీ: టిన్నులు, కొవ్వొత్తులు, బ్రెడ్డు. 320. ఇవి ఉన్న ఇద్దరివే.
జనరేటరు 600. వాళ్ళిద్దరే వాడిన నీళ్ళు. ఇది కూడా వాళ్ళదే.
లైటు, టార్పాలిన్: 1,130. ఇంట్లో మిగిలి ఉంటాయి, ముగ్గురివీ. 1,130 బై 3, ఇంచుమించు 377.
అద్దం 350 గురించి ఇంటాయన్ని అడగాలి.
తుది జవాబు: 377, అద్దం మినహా.

కాకినాడ_కాజా
మాస్టారూ, ఇంట్లో కూడా ఇలాగే ఉంటారాండీ?

గణితం_మాస్టారు
ఇంట్లో మా ఆవిడ లెక్కల టీచరు.

కింద_వాటా_ఓనరు
అద్దం సంగతి ఎత్తారు కాబట్టి ఓనర్ల తరఫున నేను. రెండు ఇళ్ళు టీచర్లకే ఇచ్చాను, మంచోళ్ళు, అద్దె టైముకిస్తారు. కానీ ప్రతిదీ ఓనరు మీదికి తోస్తే ఎలాగండీ? తుపానుకి కొబ్బరి మట్ట వచ్చి అద్దం పగిలితే మట్ట మా చెట్టుదే గానీ గాలి మాది కాదుగా. తలుపులు కిటికీలు గట్టిగా వేసుకోవాల్సింది ఉన్నోళ్ళే.

వశిష్ఠ_గట్టు
ఓనరు గారూ, ఆ రాత్రి ఆ చెట్టు నుంచి కాయలు కూడా రాలి ఉంటాయిగా. పొద్దున్నే ఎవరేరుకున్నారు?

కింద_వాటా_ఓనరు
చెట్టు ఎవరిదైతే వాళ్ళే ఏరుకుంటారు.

వశిష్ఠ_గట్టు
అయితే కాయ మీది, మట్ట అద్దెకున్నోళ్ళదీనా? అదే గాలికి రెండూ పడ్డాయి.

బోదెగట్టు_బుజ్జి
ఓనరు గారు దొరికిపోయారు. కాయలు దింపేవాళ్ళకిచ్చే కూలీ కూడా మిగిలింది ఆ రాత్రి.

రిటైర్డు_హెచ్చెమ్
వశిష్ఠ చెప్పింది న్యాయం. చెట్టు కాయ తిన్నవాడే చెట్టు చేసిన అల్లరికి పూచీ.

తుని_తమలపాకు
మా ఇంటాయన కూడా ఇదే అన్నారండీ, గాలి నాది కాదని. మీరు మా ఇంటాయన కాదు కదా?

కింద_వాటా_ఓనరు
నాది అమలాపురం అమ్మా.

ఊరికి_కొత్త
అసలు మీ ముగ్గురికీ ఇల్లు ఎలా దొరికింది? నాకు నాలుగు ఇళ్ళు చూపించారు. నాలుగు చోట్లా ముందు కాఫీ, తర్వాత "మీరేవిట్లండి?" అని, అంటే కులమేంటని. చెప్పాక ఒకాయన పెళ్ళి కుదిరిన కూతురికి ఇల్లు కావాలన్నాడు, ఇంకొకాయన రంగులు వేయిస్తున్నా అన్నాడు. ఆ ఇంటికి ఇప్పటికీ టు లెట్ బోర్డే ఉంది. నేను 30 కిలోమీటర్లు బండి మీద తిరుగుతున్నాను. తుపాను వాటా గొడవ పడే భాగ్యం కూడా లేదు.

కింద_వాటా_ఓనరు
అందరూ అలా ఉండరండీ. ఊరికే మాట కలపడానికి అడుగుతారు.

ఊరికి_కొత్త
మాట కలపడానికి అడిగినోళ్ళు చెప్పాక కూడా కలపాలిగా.

తుని_తమలపాకు
మాకూ అడిగారు. ఆ రోజు నేనూ మండపేట అమ్మాయీ నేల చూపులు చూస్తుంటే పెద్ద మేడమ్ చీర కొంగున కట్టుకున్న డబ్బు తీసి బల్ల మీద పెట్టారు. "ఒకరు బయాలజీ, ఇద్దరు ఎస్జీటీలండి. రెండు నెలల అడ్వాన్సు, లెక్క చూసుకోండి" అన్నారు. ఇంటావిడ మళ్ళీ అడిగింది. ఈవిడ మళ్ళీ అదే చెప్పారు. మూడోసారి అడగలేదు.

ఊరికి_కొత్త
ఆవిడ 800 అడిగితే నేనైతే ఇచ్చేస్తా.

లంక_మేస్టారు
కొత్త, నీది ఏ మండలమో నాకు విడిగా రాయి. కొత్తపేట, పి.గన్నవరం వైపైతే నాకు తెలిసిన ఇళ్ళున్నాయి. కాఫీ మాత్రం బాగోదు.

తమలపాకూ, నా ప్రశ్నకి జవాబు రాలేదు.

ఆత్రేయపురం_పిల్ల
ఆ పద్దు పుస్తకం ఆవిడ గురించి ఇంకొంచెం చెప్పండి. మా హాస్టల్లో ఇలాంటి వార్డెన్ ఉండేది. అగ్గిపుల్ల గీసినా పుస్తకంలో ఎక్కేది.

తుని_తమలపాకు
పొద్దున్న 4 గంటలకి లేస్తారు. కార్తీకం కదా, దీపం, తలస్నానం. ఉల్లి, వెల్లుల్లి బంద్. నేను ఊర్నుంచి తెచ్చుకున్న ఎండు చేపల డబ్బా పొయ్యి దగ్గరికి రాకూడదు. నా మంచం కింద దాచుకున్నాను. గ్యాసు సిలిండరు ఏ తేదీన మార్చామో గోడ మీద సుద్దముక్కతో రాస్తారు. బియ్యం కొలిచే డబ్బా ఒకటే, తలగొట్టి పోయాలి, గోపురంగా పోస్తే వెనక్కి తీస్తారు. నేను టీచర్ని అయ్యానో, మళ్ళీ ఐదో తరగతిలో చేరానో అర్థం కావట్లేదు.

కాకినాడ_కాజా
డొక్కా సీతమ్మ గారి సీమలో తలగొట్టిన డబ్బాతో బియ్యమా! ఆవిడ పేరు మీదే కదా బళ్ళో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు.

రిటైర్డు_హెచ్చెమ్
కాజా గారూ, లంకల గన్నవరంలో ఆ మహాతల్లి వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టింది. అంత పెట్టాలంటే ఇంట్లో ఎంత బియ్యం ఉందో ఎవరో ఒకరు లెక్క చూసే ఉంటారు. కొలవడం పిసినారితనం కాదు.

వశిష్ఠ_గట్టు
ఊళ్ళో ఉండటమెందుకు, అమలాపురంలోనో రాజోల్లోనో గది తీసుకుని బస్సులో వెళ్ళొచ్చుగా?

తుని_తమలపాకు
యాప్‌లో ముఖం చూపించి హాజరు పడాలి. మొదటి బస్సు తప్పితే అంతే. పైగా ఊళ్ళో ఉంటే పిల్లలు సాయంత్రం మెట్ల మీదకొచ్చి కూర్చుంటారు, నాకదే బాగుంది. ఒక పిల్లాడు రోజూ రెండు బచ్చలి కాడలు తెస్తాడు. అది పద్దులో రాయరు.

గణితం_మాస్టారు
బచ్చలి ఆదాయం ఖాతాలో రావాలి.

లంక_మేస్టారు
మూడోసారి అడుగుతున్నా. టార్పాలిన్ కొన్నారు కదా, 480. దేని మీద కప్పారు?

తుని_తమలపాకు
నా గది పైకప్పు కారుతుందండీ. స్లాబు ఆ మూలే బీటలు.

లంక_మేస్టారు
అది కాదు నేనడిగింది.

తుని_తమలపాకు
నా పరుపు మీదే కప్పారంట. బీరువా మీద కూడా.

బోదెగట్టు_బుజ్జి
ఓర్నాయనో! ఇది మొదటి పోస్టులో రాయాల్సిన ముక్కండీ తమలపాకు గారూ! ముప్ఫై మందిమి కొట్టుకుంటుంటే ఇప్పుడా!

కాకినాడ_కాజా
నేను మొదటే చెప్పాను ఇచ్చెయ్ అని.

గణితం_మాస్టారు
లెక్క మారింది. టార్పాలిన్ 480 పూర్తిగా తమలపాకుది. లైటులో మూడో వంతు 217. మొత్తం 697.

తుని_తమలపాకు
మీరందరూ నన్ను దొంగని చేసేశారు. నాకది తర్వాత తెలిసింది. ఆవిడ కూడా చెప్పలేదు.

మండపేట_మూడోది
ఇక చెప్పక తప్పట్లేదు. ఈ కథలో మూడో అమ్మాయిని నేనే.

బోదెగట్టు_బుజ్జి
ఆయ్! కుర్చీలు వేయండి.

తుని_తమలపాకు
ఏయ్ నువ్వా? పక్క గదిలోంచా? గోడ మీద కొట్టు.

మండపేట_మూడోది
కొట్టాను, వినపడిందా?

28 సాయంత్రం గాలి మొదలయ్యేసరికి పెద్ద మేడమ్ బిందెలు, బకెట్లు, ఆఖరికి ఇడ్లీ కుక్కరు కూడా నీళ్ళతో నింపించారు. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. కొబ్బరి చెట్లు అరుస్తున్నాయంటే నమ్మండి, ఈల కాదు, అరుపే. అద్దం పగిలినప్పుడు నేను మంచం కింద దూరాను. ఆవిడ చీపురు, చేట పట్టుకుని గాజుముక్కలు ఎత్తుతున్నారు. అప్పుడు తమలపాకు గది కారడం మొదలైంది. పరుపు ఇద్దరం మడిచాం. బీరువా కదల్లేదు, టార్పాలిన్ కప్పాం. ఆవిడకి సందేహం వచ్చి బీరువా కింది అర తీస్తే సర్టిఫికెట్ల ఫైలు. అడుగున అప్పటికే తడి. పది, ఇంటరు, డీఎడ్, నియామక పత్రం, అన్నీ. ఆవిడ వాటిని తువ్వాలుతో అద్ది, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టి బియ్యం కప్పేశారు. చెమ్మ లాగేస్తుందన్నారు.

ఇంకొకటి చెప్పాలి. తమలపాకు మంచం కింద నీళ్ళు చేరుతుంటే ఎండు చేపల డబ్బా తేలింది. కార్తీకంలో, ఉపవాసం రోజున, ఆవిడే చేత్తో తీసి అటక మీద పెట్టి, చలిలో మళ్ళీ స్నానం చేసొచ్చారు. ఆ స్నానం నీళ్ళు కూడా జనరేటరు లెక్కలో ఉండే ఉంటాయి.

ఆత్రేయపురం_పిల్ల
బియ్యం డ్రమ్ములో నియామక పత్రం!

రిటైర్డు_హెచ్చెమ్
1996లో ఈ ఉపాయం తెలిసుంటే నా బీఎడ్ పట్టా ఇవాళ చదవడానికి వచ్చేది.

తుని_తమలపాకు
నేను వచ్చేసరికి ఫైలు బీరువాలోనే ఉంది. అట్ట కొంచెం వంకర పోయింది, ఎందుకా అనుకున్నా. రెండు బియ్యం గింజలు కూడా కనపడ్డాయి. ఎలకలనుకున్నా.

నువ్వైనా ఎందుకు చెప్పలేదే?

మండపేట_మూడోది
ఆవిడ వద్దన్నారు. తల్లి దగ్గర్నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, భయపడి ఇల్లు మారిపోతుంది అన్నారు. అద్దం పగిలిన సంగతి కూడా చిన్నగా చెప్పమన్నారు.

ఊరికి_కొత్త
నేను చెప్పానా.

వశిష్ఠ_గట్టు
అయినా అద్దం డబ్బు మాత్రం ఇంటాయన్నుంచి రావాలి. దాంట్లో నేను తగ్గను.

కింద_వాటా_ఓనరు
సగం ఇవ్వమనండి. అంతకన్నా నేనూ తగ్గను.

తుని_తమలపాకు
(నాలుగు రోజుల తర్వాత)
అమ్మకి ఫోన్ చేసి 800 తెప్పించుకుని నిన్న రాత్రి పెద్ద మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ పుస్తకం తీసి "ఎవరడిగారు ఇప్పుడు?" అన్నారు. నా పేరు పక్కన చిన్న అక్షరాల్లో "జీ.ప." అని ఉంది. నేను అదేదో జీఎస్టీ లాంటిదనుకున్నా. జీతం పడ్డాక అంట.

సర్టిఫికెట్ల సంగతి తెలిసిందని చెప్పాను. మండపేట అమ్మాయి వైపు గుర్రుగా చూశారు. నాతో "స్కాను చేయించి పెట్టుకో, ఆ బీరువా కింది అరలో గాజులు పెట్టుకో" అని లోపలికెళ్ళిపోయారు. ఇంకేం మాట్లాడలేదు. నాకూ నోరు రాలేదు.

తర్వాత వశిష్ఠ గారి పాయింటు చెప్పాను, కాయ, మట్ట, అదే గాలి అని. ఆవిడ నవ్వడం మొదటిసారి చూశాను. పొద్దున్నే కిందికి దిగి ఇంటాయనతో అదే మాట అన్నారు. ఆయన చాలాసేపు తల గోక్కుని, డబ్బులివ్వను, కాయలిస్తానన్నారు. అంబాజీపేట రేటని కాయ 25 చొప్పున 350కి 14 కాయలు లెక్కగట్టి మెట్ల దగ్గర పోయించారు. అన్నీ ఆ రాత్రి రాలినవే అని నా అనుమానం.

ఇప్పుడు తుపాను పేజీ 2,050. మనిషికి 683. వచ్చే వరదల్లో టిన్నులు, కొవ్వొత్తులు, లైటు ఛార్జింగు నా డ్యూటీ అని రాసి సంతకం పెట్టించుకున్నారు. మళ్ళీ ఊరెళ్ళినప్పుడు తుని తమలపాకులు ఒక కట్ట తెమ్మన్నారు, డబ్బులు పద్దులో రాసుకోమన్నారు.

కార్తీకం అయిపోయాక ఎండు చేపలు వండుకోవచ్చంట. పెరట్లో, కట్టెల పొయ్యి మీద.

లంక_మేస్టారు
జూలైలో గోదావరి ఎర్రబారగానే నాకు గుర్తు చెయ్యి. ఏమేం కొనాలో చెబుతా.

కాకినాడ_కాజా
14 కాయల్ని ఏం చేస్తున్నారు?

మండపేట_మూడోది
నాలుగు పచ్చడైపోయాయి. ఇంకో రెండు లస్కోరా ఉండలు. మిగతావి పంచుకోవాలంట.

గణితం_మాస్టారు
14ని 3తో భాగించి ముందు పంచాల్సింది. తలా 4, శేషం 2. ఇప్పుడు మిగిలిన 8కి తలా 2, శేషం మళ్ళీ 2.

బోదెగట్టు_బుజ్జి
ఎలా భాగించినా ఆ రెండు మిగులుతున్నాయంటే అవి నావే. చర్చ ఫీజు. రావులపాలెం బస్సులో డ్రైవరుకిచ్చి పంపండి, నేను స్టాండులో తీసుకుంటా. పద్దులో మాత్రం రాయొద్దని చెప్పండి ఆవిడకి.